తేనె ఇచ్చే ఈగకు పేరుంది, కాయ నిలిపే ఈగకు లేదు

పదేళ్ల కిందటి మాట. మా కంది చేలో ఆకులకు గుండ్రటి కోతలు కనిపించాయి. రూపాయి బిళ్ల పెట్టి కత్తెరతో కత్తిరించినట్టు, ఒక్కో ఆకుకు రెండు మూడు చోట్ల అంచు పోయి ఉంది. అప్పుడే పూత మొదలైంది. భయపడి, నాలుగు ఆకులు తెంపుకుని మందుల దుకాణానికి పోయాను. "పురుగు పడ్డది, ఆలస్యం చెయ్యకు" అని ఒక డబ్బా చేతిలో పెట్టారు. మర్నాడు పొద్దున్నే పిచికారీ చేశాను.

రెండేళ్ల తర్వాత వ్యవసాయ కాలేజీ విద్యార్థులు కొన్ని నెలలు మా ఊళ్లో ఉన్నారు. మళ్లీ అవే కోతలు చూపిస్తే వారిలో ఒక అమ్మాయి నవ్వింది. "పెద్దనాయనా, ఇది పురుగు కాదు. పురుగు తింటే అంచు గరుకుగా ఉంటుంది, కింద రెట్ట కనిపిస్తుంది. ఇది ఆకు కత్తిరించే ఈగ. ఆకును తినదు, గూడు కట్టుకోవడానికి తీసుకుపోతుంది. నీ కంది పువ్వు విప్పేది కూడా ఇదే" అంది. చేలో గంటసేపు కూర్చుని ఒకదాన్ని గాజు సీసాలో పట్టి చూపించింది. తేనెటీగంత ఉంది. కానీ పుప్పొడి కాళ్లకు లేదు, పొట్ట కింద పసుపు పూసినట్టు ఉంది.

నేను దొంగ అనుకుని కొట్టింది, నా చేలో కూలి అడగకుండా పని చేసే దాన్ని. మందు ఖర్చు నాదే, నష్టం కూడా నాదే.

మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి, అప్పుల గురించి రాసుకునే ఈ పత్రికలో ఈగల ముచ్చట ఎందుకని కొందరు అనుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన చేలలో తిరిగే అడవి ఈగలను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి గుర్తించడం మన పంట పని మాత్రమే కాదు, మన హక్కుల పని కూడా. పేరు లేనిదానికి లెక్క ఉండదు. లెక్క లేనిదానికి రక్షణా ఉండదు, పోతే పరిహారమూ ఉండదు. పేరు పట్టాలో ఎక్కని కౌలు రైతుకు ఏం జరుగుతోందో మనకు తెలుసు. ఈగల విషయంలోనూ జరుగుతున్నది అదే.

మనకు తెలిసిన నాలుగు

తేనె ఇచ్చే ఈగలను పోల్చుకోవడం మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేదు. పేర్లు ఊరూరికీ మారతాయి కానీ తేడాలు అందరికీ తెలుసు. ఎత్తైన మర్రి కొమ్మకో, కొండ చరియకో, నీళ్ల ట్యాంకు కిందనో ఒకే పెద్ద పట్టు వేలాడితే అది పెద్ద తేనెటీగ. జోలికి పోతే తరిమి తరిమి కుడుతుంది. కంచెలో, నిమ్మ చెట్టులో చిన్న రెమ్మను చుట్టి అరచేయంత పట్టు కడితే అది చిన్న తేనెటీగ. దాని పొట్ట ముందు భాగం ఇటుక రంగులో, వెనక భాగం నలుపు తెలుపు చారలతో ఉంటుంది. చెట్టు తొర్రలో, పుట్టలో, గోడ సందులో వరుసగా పలకలు కడితే అది పుట్ట తేనెటీగ. నాలుగోది పెట్టెల్లో వచ్చే ఇటలీ తేనెటీగ. అది మన నేలది కాదు. 1960ల్లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా ప్రాంతంలో నిలదొక్కుకుని, అక్కడి నుంచి దేశమంతా వ్యాపించింది.

పుట్ట తేనెటీగ, ఇటలీ తేనెటీగ దగ్గరి చుట్టాలు. రెండూ పెట్టెలో పెరుగుతాయి, రెండూ చారల ఈగలే. ఇటలీది కొంచెం పెద్దది, రంగు కొంచెం పసుపు. కంటికి తేడా అందకపోతే పెట్టె ద్వారం దగ్గర చూడండి. ఎండవేళ రెక్కలాడిస్తూ గాలి విసిరే ఈగలు ఉంటాయి. తల బయటికి పెట్టి విసిరితే పుట్ట తేనెటీగ, తల పెట్టె వైపు పెట్టి విసిరితే ఇటలీది.

ఈ తేడా తెలిస్తే ఏమిటి లాభం? 1991-92 ప్రాంతంలో దక్షిణ భారతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు వచ్చింది. పిల్ల పురుగులు సంచుల్లా ఉబ్బి చచ్చిపోయే జబ్బు. పుట్ట తేనెటీగలు పెంచుకునేవాళ్లు చాలాచోట్ల నూటికి 90 పెట్టెల దాకా పోగొట్టుకున్నారు. ఇటలీ ఈగను ఆ జబ్బు అంతగా తాకలేదు. ఇంకో పక్క చూడండి. వర్రోవా అనే గోమారి లాంటి పురుగు పుట్ట తేనెటీగను తరతరాలుగా అంటిపెట్టుకుని ఉన్నా దాన్ని అంతగా కూల్చదు. అదే పురుగు ఇటలీ ఈగకు సోకితే, పట్టించుకోకపోతే పెట్టెలకు పెట్టెలే ఖాళీ అవుతాయి. చుట్టరికం ఎంత దగ్గరైనా జబ్బు వేరు, మందు వేరు, బతుకు వేరు.

ఆ వర్రోవా కథలోనూ ఇదే పాఠం ఉంది. దాదాపు వందేళ్లు దాన్ని ఒకే జాతి అనుకుని ఒకే పేరుతో పిలిచారు. 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు సరిగా పరిశీలిస్తే, ప్రపంచమంతటా ఇటలీ ఈగలను కూల్చుతున్నది మొదట పేరు పెట్టిన జాతి కాదని, దాని పక్కనే దాగిన ఇంకో జాతి అని తేలింది. అన్నేళ్లు శత్రువును వేరే పేరుతో పిలిచాం.

పేరు లేని పనివాళ్లు

మన దేశంలో ఈగ జాతులు 700కు పైగా ఉన్నాయి. అందులో తేనె పట్టు పెట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరి ఈగలు. వాటికి రాణి లేదు, గుంపు లేదు. ఒక్కో ఆడ ఈగ తన గూడు తానే కట్టుకుని, గుడ్డు గుడ్డుకూ పుప్పొడి ముద్ద పెట్టి, మూత వేసి పోతుంది. ప్రపంచంలోని ఈగల్లో దాదాపు నూటికి 70 నేలలోనే బొరియలు చేసుకుంటాయి. మన గట్లు, మన కాలిబాటలు, మన మట్టిగోడలే వాటి ఊళ్లు.

తేనె ఇచ్చేవాటికి పేర్లు పెట్టుకున్నాం. వీటిని మాత్రం పెద్దదైతే తుమ్మెద అని, చిన్నదైతే ఉత్త ఈగ అని వదిలేశాం. చేలో కొన్ని పనులు వీటితోనే అవుతాయి.

వంకాయ, టమాట పువ్వులను దగ్గర నుంచి చూడండి. మధ్యలో పసుపుపచ్చగా నిలబడ్డ కేసరాల కొసన సూది మోపినంత రంధ్రాలు ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టాల్లో ఉంటుంది. దాన్ని రాల్చాలంటే ఈగ పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలతో గుయ్‌మని వణికించాలి. ఉప్పు సీసా దులిపినట్టు పుప్పొడి రాలుతుంది. తుమ్మెదకు ఆ పని వచ్చు. పొట్ట మీద నీలం చారలుండే ఈగకు వచ్చు. నేలలో గూడు పెట్టే మరికొన్ని ఈగలకు వచ్చు. పెట్టెలో పెంచే తేనెటీగకు రాదు. పైగా వంగ పువ్వులో తేనె ఉండదు కాబట్టి తేనెటీగకు అక్కడికి రావాలన్న ఆశ కూడా తక్కువ.

ఇది తెలియక మూడేళ్ల కింద మా పక్క ఊళ్లో ముగ్గురు రైతులు డబ్బు పోగొట్టుకున్నారు. వంగలో పూత నిలవడం లేదని, ఎవరో చెబితే తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చి గట్టు మీద పెట్టారు. ఈగలు పెట్టెల్లోంచి లేచి నేరుగా అవతలి పొద్దుతిరుగుడు చేలోకి పోయాయి. పొద్దుతిరుగుడు రైతుకు లాభం, వంగ రైతుకు అద్దె ఖర్చు. వంగలో పూత రాలడానికి ఎండ, నీటి ఎద్దడి, కీలం పొట్టిగా ఉండే పువ్వులు కూడా కారణమే. అన్నీ ఈగల మీద వేయలేం. కానీ ఆ తోటలో కొమ్మ, కాయ తొలిచే పురుగు కోసం వారం వారం పొద్దున్నే మందు కొట్టారు. పువ్వును వణికించే ఈగలు వచ్చేదీ ఆ పొద్దుటి పూటే. ఉన్న పనివాళ్లను చంపుకుని, ఆ పని రానివాళ్లను అద్దెకు తెచ్చుకున్నట్టయింది.

కంది సంగతి వేరు. కంది పువ్వు చాలావరకు తనంతట తాను కాయ కట్టగలదు. అయినా ఆకు కత్తిరించే ఈగ, తుమ్మెద, పెద్ద తేనెటీగ వంటివి వాలి పువ్వు విప్పితే కాయ కట్టడం మెరుగవుతుంది, పక్క చేని పుప్పొడి కూడా కలుస్తుంది. అందుకే ఇంట్లో దాచిన కంది విత్తనం నాలుగైదేళ్లకు కలగలిసిపోతుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో తయారైన కంది హైబ్రిడ్‌ల విత్తనోత్పత్తి పూర్తిగా ఈ ఈగల మీదే ఆధారపడింది. మగ వరుస నుంచి ఆడ వరుసకు పుప్పొడి మోసేది మనిషి కాదు, ఈగే. 2022లో మన తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేలకూ గింజకూ గుర్తింపు దొరికింది. ఆ పువ్వు మీద వాలే ఈగ పేరు మాత్రం మన వ్యవసాయ కార్యాలయాల్లో ఎక్కడా రాసి లేదు.

చేలో నిలబడి పోల్చుకోవడం ఎట్లా

ముందుగా అది ఈగేనా అన్నది చూడాలి. పువ్వుల మీద ఆగి ఆగి ఎగిరే చారల పురుగుల్లో కొన్ని ఉత్త వేషగాళ్లు. రెక్కలు రెండే ఉండి, కళ్లు ముఖమంతా పరుచుకుని, మీసాలు ఉన్నాయా లేవా అన్నంత పొట్టిగా ఉంటే అది పూల దోమ జాతి. దాని పిల్లలు పేనుబంకను తింటాయి కాబట్టి అదీ మన మిత్రుడే, కానీ ఈగ కాదు. నడుము దారంలా సన్నగా ఉండి ఒంటి మీద నూగు లేకపోతే అది కందిరీగ.

ఈగే అని తేలాక, పుప్పొడి ఎక్కడ మోస్తుందో చూడాలి. వెనక కాళ్లకు తడి ఉండలా అంటుకుని ఉంటే తేనెటీగ కుటుంబం. కాళ్ల నూగుకు పొడిగా పట్టి ఉంటే నేలలో గూడు పెట్టే ఈగల్లో ఒకటి కావచ్చు. పొట్ట కింద పూసినట్టు ఉంటే ఆకు కత్తిరించేది, లేదా దాని చుట్టం. ఈ ఒక్క గుర్తుతో సగం పని అయిపోతుంది.

మూడోది గూడు. ఎండిన మోడులో, వెదురులో, ఇంటి దూలంలో వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం చేసి, కింద రంపపు పొట్టు రాల్చితే తుమ్మెద. ఎండిన సన్న పుల్లల బెండులో దూరేది, మెరిసే ఆకుపచ్చ లేక నలుపు రంగు చిన్న ఈగ. గోడ సందులోంచి జిగురుతో చేసిన చిన్న గొట్టం బయటికి వచ్చి, దాని మూతి దగ్గర చీమంత నల్ల ఈగలు కాపలా ఉంటే అది కొండి లేని ఈగ. దాని తేనె కొంచెమే, మందుకు వాడతారు.

నీలం చారల ఈగకూ దాని పోలికకూ తేడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. నీలం చారల ఈగ బొద్దుగా, ఛాతీ మీద గోధుమ రంగు నూగుతో ఉంటుంది. పువ్వు ముందు గాలిలో ఆగి, టక్కున పక్కకు దూకుతుంది. సాయంత్రం మగవి ఎండుపుల్లను పళ్లతో కరిచి పట్టుకుని అట్లాగే నిద్రపోతాయి. నేల ఈగల్లో ఇంకో రకానికి కూడా పొట్ట మీద మెరిసే చారలు ఉంటాయి. కానీ అది సన్నగా ఉంటుంది, నూగు తక్కువ, గాలిలో అట్లా ఆగదు. రెండూ వంగ పువ్వును వణికించగలవు. ఒకటి మట్టిగోడలో, గట్టు చరియలో ఉండవచ్చు, ఇంకొకటి చదును నేలలో ఉండవచ్చు. గట్టు చెక్కితే ఒకటి పోతుంది, లోతు దుక్కి దున్నితే ఇంకొకటి పోతుంది. ఏది ఉందో తెలియనిదే ఏం కాపాడాలో తెలియదు.

కంటికి అందని తేడా

ఇంతవరకు మనం చేయగలం. ఆ తర్వాత మన కన్ను సరిపోదు. అది ఒప్పుకోవాలి.

తుమ్మెదలే తీసుకోండి. ఒక రకంలో ఆడది నల్లగా, ఛాతీ మీద పసుపు శాలువా కప్పినట్టు ఉంటుంది. మగది ఒళ్లంతా పచ్చపసుపు. చూసినవాడు రెండు జాతులు అనుకుంటాడు, కానీ అవి మొగుడూ పెళ్లాలే. అదే పసుపు శాలువాతో ఇంకో జాతి ఆడ తుమ్మెద కూడా ఉంది. అక్కడ రెండింటినీ ఒకటి అనుకుంటాం, కానీ అవి వేర్వేరు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు తుమ్మెదల మీద, అవి వాలే చెట్ల మీద ఏళ్ల తరబడి పని చేశారు. ఏ తుమ్మెద ఏ పువ్వుకు పనికొస్తుందో, ఏది పువ్వు అడుగున చిల్లు పెట్టి తేనె మాత్రం దొంగిలిస్తుందో అట్లాంటి ఓపికతోనే తెలుస్తుంది.

కొండి లేని ఈగలనైతే చాలాకాలం దేశమంతటా ఒకే జాతి పేరుతో రాసుకుంటూ వచ్చారు. ఆ పేరు 1854లో సింహళం నుంచి పంపిన ఈగను చూసి పెట్టింది. ఇటీవల మగ ఈగల జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పోల్చి చూస్తే మన దేశంలో ఆ ఒక్క పేరు వెనక చాలా జాతులు ఉన్నాయని తేలుతోంది. 2022లో కేరళ పరిశోధకులు పడమటి కనుమల్లోని నల్ల తేనెటీగకు వేరే జాతిగా కొత్త పేరు పెట్టారు. దాన్ని వేరే జాతి అనాలా, పుట్ట తేనెటీగలోనే ఒక రకం అనాలా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఉంది. ఉండనివ్వండి, వాదన జరగడమే మంచిది. హిమాలయాల్లోని పెద్ద నల్ల తేనెటీగకు 1871లోనే పేరు పెట్టారు. తర్వాత చాలాకాలం దాన్ని మన పెద్ద తేనెటీగలోనే ఒక రకంగా లెక్కేశారు. అరుణాచల్‌లో రెండూ ఒకే చోట, కలవకుండా బతుకుతున్నాయని 2020లో అచ్చయిన పరిశోధన చూపించింది. ఒకే ఊళ్లో ఉండి సంబంధాలు కలుపుకోనివి ఒకే ఇంటివి ఎట్లా అవుతాయి?

ఈ పని ఫోన్‌లో ఫోటో తీసి అడిగితే తేలేది కాదు. ఈగను పట్టి, సూదికి గుచ్చి, ఎక్కడ, ఎప్పుడు, ఏ పువ్వు మీద దొరికిందో చీటీ రాసి, పెట్టెలో దాచి, తెలిసినవాళ్లు పోల్చి చెప్పాలి. అట్లాంటి మనుషులు మన యూనివర్సిటీల్లో పదవీ విరమణ చేస్తున్నారు. వాళ్ల జాగాలోకి కొత్తవాళ్లు రావడం లేదు. ఒక్క మనిషి పోతే ఆయనతో పాటు వందల పేర్లు పోతాయి.

"ఈ పేర్లతో ధర పెరుగుతదా?"

మొన్న మండల కమిటీ సమావేశంలో ఈ మాట చెబితే ఒక తమ్ముడు లేచి, "గీ ఈగల పేర్లు నేర్చుకుంటే క్వింటాల్‌కు ధర పెరుగుతదా అన్నా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ప్రశ్న సరైనదే, జవాబు చెప్పాలి.

ధర పెరగదు. కానీ ఖర్చు తగ్గుతుంది. పురుగు ఏదో, ఈగ ఏదో తెలిస్తే నేను అనవసరంగా కొట్టిన డబ్బాలాంటివి మిగులుతాయి. రెండోది, మందుల సంగతి. మందు డబ్బా మీద తేనెటీగలకు హాని అన్న హెచ్చరిక ఉంటుంది. ఆ పరీక్షలు ప్రధానంగా తేనెటీగ మీదే చేస్తారు. గుంపులో వేల మంది ఉండే తేనెటీగలో వంద చచ్చినా పెట్టె నిలుస్తుంది. ఒంటరి ఈగ ఒక్కటి చస్తే ఆ గూడు అంతటితో ఆగిపోతుంది. మొదట్లో పోసిన మందు మట్టిలో మిగిలితే, మట్టిలోనే పుట్టి పెరిగే ఈగకు అది తేనెటీగ కన్నా ఎక్కువ తగులుతుంది. ఐరోపాలో 2018లో ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, క్లాథియానిడిన్ మందులను ఆరుబయట చేలలో వాడకుండా ఆపినప్పుడు, తేనెటీగలతో పాటు బంబుల్ ఈగలకు, ఒంటరి ఈగలకు కలిగే ముప్పును కూడా విడివిడిగా లెక్కగట్టి చూశారు. ఇక్కడ ఒంటరి ఈగ లెక్కలోకే రాదు.

మూడోది, చట్టం. అమెరికాలో ఒక రకం బంబుల్ ఈగ వీపు మీద తుప్పు రంగు మచ్చ ఉంటుంది. చుట్టాల నుంచి దాన్ని వేరు చేసి, పాత సేకరణల్లో ఎక్కడెక్కడ ఉండేదో చూసి, ఇప్పుడు ఎక్కడ లేదో చూపించగలిగారు. 2017లో అది చట్టప్రకారం అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో చేరింది. మన చేలలో ఎన్ని తగ్గాయో ఎవరూ చెప్పలేరు. ఎన్ని ఉండేవో ఎవరూ రాయలేదు కాబట్టి.

నాలుగోది, అచ్చంగా రైతుల కథ. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టచెట్ లోయ ఉంది. అక్కడి రైతులు పశుగ్రాసపు లూసర్న్ విత్తనం పండిస్తారు. లూసర్న్ పువ్వు విప్పితే లోపలి కేసరం తేనెటీగ తలకు కొడుతుంది, అందుకే తేనెటీగ పక్క నుంచి తేనె తాగి పోతుంది. ఆ పని బాగా చేసేది చవుడు నేలలో గూడు పెట్టే ఒక అడవి ఈగ. ఆ సంగతి తెలుసుకున్న రైతులు విత్తడానికి పనికొచ్చే భూమిలోంచి కొంత పక్కన పెట్టి, అడుగు నుంచి తడి పెట్టి, పైన ఉప్పు చల్లి, ఆ ఈగలకు మడులు కట్టారు. ఈగలు ఎగిరే రోజుల్లో ఆ దారుల్లో బండ్ల వేగానికి కూడా హద్దు పెట్టుకున్నారు. వాళ్లు ఈగలను ప్రేమించి చేసిన పని కాదిది, విత్తనం దిగుబడి కోసం చేశారు. ఏ ఈగో కచ్చితంగా తెలిసింది కాబట్టే చేయగలిగారు. "ఈగలను కాపాడండి" అన్న పోస్టర్ చూసి ఎవరూ చవుడు మడి కట్టరు.

పెట్టెలకు నేను వ్యతిరేకం కాదు

తేనెటీగలు పెంచుకుని బతికే సోదరులు దీన్ని అపార్థం చేసుకోవద్దు. పొద్దుతిరుగుడుకు, నువ్వులకు, ఉల్లి విత్తనానికి, పుచ్చకు పెట్టెలు పెడితే లాభమే. నా అభ్యంతరం ప్రభుత్వం ఒక్క ఈగనే చూడటం మీద. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 2020-21 నుంచి మూడేళ్లకు 500 కోట్లు ప్రకటించారు, తర్వాత గడువూ పొడిగించారు. పెట్టెలు, తేనె శుద్ధి యూనిట్లు, ప్రయోగశాలలు వచ్చాయి, మంచిదే. కానీ వంగ రైతుకు, టమాట రైతుకు, కంది రైతుకు పని చేసే ఈగలు ఆ లెక్కలో ఎక్కడున్నాయి? తేనె అమ్మితే పన్ను వస్తుంది కాబట్టి తేనెటీగ కనిపించింది. కాయ నిలిపే ఈగ సంపాదన రైతు దిగుబడిలో కలిసిపోతుంది కాబట్టి కనిపించలేదు.

సంఘం అడగాల్సినవి

ఒకటి. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలో ఆ జిల్లా ఈగల నమూనా పెట్టె ఉండాలి. పేరు, గూడు, వాలే పంట తెలుగులో రాసి ఉండాలి. విత్తన రకాల నమూనాలు పెట్టగలిగినవాళ్లకు ఇది కష్టం కాదు.

రెండు. వ్యవసాయ యూనివర్సిటీల్లో కీటకాలను జాతి స్థాయిలో గుర్తించే నిపుణుల పోస్టులు భర్తీ చేయాలి. బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది, తేనెటీగల, పరాగ సంపర్క కీటకాల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం ఉంది. రైతు పట్టి ఇచ్చిన ఈగ అక్కడికి పోయి, పేరుతో తిరిగి రావడానికి మండల వ్యవసాయ కార్యాలయం దారి కావాలి.

మూడు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. చాలా ఊళ్లలో అది బీరువాలో కాగితమే. మన కార్యకర్తలు గ్రామసభలో ఆ రిజిస్టర్ అడిగి తెప్పించాలి. అందులో ఈగల పేజీ ఉందో లేదో చూడాలి. లేకపోతే రాయించాలి.

నాలుగు. కొత్త మందుకు అనుమతి ఇచ్చే ముందు కనీసం ఒక నేల ఈగ మీద, ఒక తుమ్మెద మీద పరీక్ష జరగాలని అడగాలి.

మనం చేసుకోవాల్సినవీ ఉన్నాయి. పూత మీద మందు కొట్టక తప్పకపోతే పొద్దు గూకాక కొట్టాలి. గట్టు మీద గజం నేలయినా చెక్కకుండా, కలుపు మందు పోయకుండా వదలాలి. ఎండిన మోడు ఒకటి, వెదురు నాలుగు ముక్కలు కంచెకు ఉంచాలి. కంది ఆకుకు గుండ్రటి కోత కనిపిస్తే దుకాణానికి పోయే ముందు పావుగంట చేలో కూర్చోవాలి.

ఈ కంది పూత కాలంలో మా గ్రామ కమిటీ ఒక పని మొదలుపెట్టింది. బడి పిల్లలతో కలిసి పది చేలలో వారానికి ఒకసారి, పొద్దున అరగంట, ఏ పువ్వు మీద ఏ ఈగ వాలిందో నోటు పుస్తకంలో రాస్తున్నాం. పేరు తెలియకపోతే గుర్తులు రాస్తున్నాం: పుప్పొడి ఎక్కడ, చారల రంగు ఏది, గూడు ఎక్కడ. పిల్లలు మాకన్నా త్వరగా పట్టేశారు. నేను పదేళ్ల కింద మందు కొట్టిన ఆ ఈగను మా మనవరాలు ఇప్పుడు పది అడుగుల దూరం నుంచే గుర్తుపడుతుంది.

ఇతర జిల్లాల కమిటీలు కూడా తమ పంటల్లో ఇట్లా రాసి పత్రికకు పంపితే, వచ్చే ఏడాదికి మన దగ్గర మన లెక్క ఉంటుంది. ఆ నోటు పుస్తకాలు పట్టుకుని అధికారుల ముందు కూర్చోవచ్చు. అప్పటిదాకా ఎవరైనా "మీ ఈగలు తగ్గాయని రుజువేమిటి?" అని అడిగితే మన దగ్గర జవాబు లేదు.

- తాండూరు ప్రాంత కంది రైతు, సంఘ సభ్యుడు